గుట్టలో తగ్గిన మట్టి

అప్పలనరసింహానికి గుట్టల మీద నమ్మకం లేదు. మట్టిని కొలవాలంటే తవ్విన గోతిలోకి దిగి కొలవాలి గాని, పైన పోసిన కుప్పని చూసి కాదని ముప్పై నాలుగేళ్ళు చెప్పాడు. కుప్పతో ఎన్ని మాయలైనా చేయవచ్చు. పారతో నాలుగుసార్లు కెలికితే ఉబ్బుతుంది. అడుగున బండరాయి పెట్టి పైన మట్టి కప్పవచ్చు. వాన పడితే కుంగుతుంది, మేకలు ఎక్కితే జారుతుంది. గొయ్యి అలా కాదు. పొడవు, వెడల్పు, లోతు. మూడూ టేపుకి అందుతాయి.

లోతు దగ్గరే కాస్త చిక్కు. నేల ఎప్పుడూ సమంగా ఉండదు. తవ్వేశాక, పాత నేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పడానికి ఎవరూ మిగలరు. అందుకని కూలీలు గోతి మధ్యలో అక్కడక్కడ నేలని ముట్టుకోకుండా స్తంభంలా వదిలేస్తారు. దాని నెత్తి మీద పాత గడ్డి అలాగే ఉంటుంది. దాన్ని సాక్షి దిమ్మ అంటారు. దిమ్మ ఎత్తే గోతి లోతు. కొలత పుస్తకంలో రాసుకున్నాకే దిమ్మల్ని పడగొడతారు.

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో రోడ్డు పనులకీ చెరువు పనులకీ ఆయన వర్క్ సర్కారుగా, పని కొలిచి రాసే మనిషిగా తిరిగాడు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చినవాడే. తనూ పద్నాలుగేళ్ళ దాకా తట్ట మోశాడు. తర్వాత నాలుగు ముక్కలు చదువుకుని, ఒడియా రాయడం నేర్చుకుని, టేపు పట్టుకున్నాడు. గోతి ఒడ్డున నిలబడి, టేపు విప్పకుండానే ఒక అంకె చెప్పేవాడు. తర్వాత కొలిస్తే ఇరవైకి ఒకటి కంటే తేడా వచ్చేది కాదు. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు అన్నం రాశి చూపించి, "సర్కారు బాబూ, ఎంతమందికి సరిపోద్ది?" అని ఆటపట్టించేవారు. నవ్వకుండా చెప్పేవాడు. సరిపోయేది.

పదకొండేళ్ళ కిందట గుడారి దగ్గర చెరువు పూడికతీత పనిలో ఆయన బావమరిది లక్ష్మణ జట్టు తవ్వింది. గోతిలో ఆరు సాక్షి దిమ్మలు. అప్పలనరసింహం ఒక దిమ్మ నెత్తి మీద గడ్డిని గుప్పెట పట్టి లాగాడు. అయిదంగుళాల మందాన గడ్డీ మట్టీ కలిసి మూతలా ఊడి వచ్చాయి. గడ్డి వేళ్ళు ఆ మూతలోనే ఆగిపోయాయి, కింద దిమ్మలోకి దిగలేదు. వేరే చోట చెక్కిన గడ్డి తెచ్చి అతికించారు. ఇంకో దిమ్మా అంతే. మిగతా నాలుగూ లాగి చూశాడు. వేళ్ళు కిందిదాకా ఉన్నాయి. అయినా ఆరింటికీ అయిదంగుళాలు కోసి రాశాడు. జట్టు కూలీ ఆ మేరకు తెగింది. ఒక దిమ్మ తప్పయితే గొయ్యి మొత్తం తప్పే అన్నది రూలు.

ఆ రోజు నుంచి తట్టవీధి వాళ్ళు ఆయనతో మాటలు మానేశారు. తట్టవీధి ఆయన భార్య సూర్యావతి పుట్టిల్లు. నారాయణపట్న వైపు ఎక్కే ఘాటీ రోడ్డు కింద, జీలుగ్గెడ్డ అనే కొండవాగు ఒడ్డున ముప్పై నాలుగు ఇళ్ళు. అందరూ ఒకప్పుడు ఆనకట్టల పనులకీ రోడ్డు పనులకీ వచ్చి అక్కడే ఉండిపోయినవాళ్ళు. పదకొండేళ్ళుగా సూర్యావతి ఒక్కతే ఆ వీధికి వెళ్ళి వస్తోంది. అదీ తల్లి దినానికీ, పురుళ్ళకీ.

*

రిటైరయ్యాక మొగుడూ పెళ్ళాం జేకేపూర్లో కాగితం మిల్లు కాలనీ పక్కన రెండు గదుల్లో ఉంటున్నారు. ఘాటీ రోడ్డు వెడల్పు చేసే కాంట్రాక్టరు కబురు పెడితే, కాళ్ళు ఆడుతున్నాయి కదా అని అప్పలనరసింహం మళ్ళీ టేపు పట్టుకున్నాడు. రెండు వేసవులు కొండ చెక్కారు. చెక్కిన కొలత ఆయనే తీశాడు. అయిదు వేల ఆరు వందల ఘనమీటర్లు. ఆ మట్టంతా మలుపు దగ్గర, లోయ అంచున ఉన్న చదును మీద పోశారు. దాని వైపు ఆయన ఎప్పుడూ కన్నెత్తి చూడలేదు. కొలవనక్కర్లేని దాన్ని చూడటం అలవాటు లేదు.

శ్రావణం మొదటి వారంలో జూనియర్ ఇంజనీరు దేబాశిష్ ఆయన్ని పిలిచాడు. భువనేశ్వర్‌లో చదివి వచ్చిన కుర్ర ఇంజనీరు, మర్యాద తెలిసినవాడు. ఆయనతో హిందీలో మాట్లాడతాడు.

"నరసింహంగారూ, మూడు కిలోమీటర్ల కింద పల్లం పూడ్చాలి. ఆ డంపు ఎత్తుకెళ్ళాలంటే ఎన్ని టిప్పర్లు పడతాయో చెప్పండి."

"గొయ్యి కొలత ఉందిగా సార్. ఎత్తేటప్పుడు నాలుగుకి అయిదు వేసుకోండి."

"ఒకసారి కుప్పే కొలిచి చెప్పండి. నాకు రాసి పంపాలి."

గోతిలో నాలుగు తట్టలున్న మట్టి పైకి తీస్తే అయిదు తట్టలవుతుంది. ఇది తట్ట మోసిన ప్రతివాడికీ తెలిసిందే. బిగువు విడిపోయిన మట్టి అంత చోటు అడుగుతుంది. ఆ లెక్కన అయిదు వేల ఆరు వందలకి ఏడు వేలు రావాలి. రెండు వానాకాలాలు కుంగిందనుకుని మూడు వందలు తీసేసినా ఆరు వేల ఏడు వందలు.

వాన తెరిపి ఇచ్చిన ఒక పొద్దుట ఆయన కుప్ప ఎక్కాడు. అయిదేసి మీటర్లకి ఒక కర్ర పాతి, ఒక్కో కర్ర దగ్గరా ఎత్తూ వెడల్పూ తీశాడు. రోడ్డు వైపు కుప్ప ఎప్పటిలా వాలుగా దిగింది, పోసిన మట్టి తనంతట తాను నిలబడే వాలు. లోయ వైపు అలా లేదు. అక్కడ వాలు లేదు, గోడ ఉంది. గోడ కింద పొగమంచు, దాని కింద అంతూ పొంతూ లేని తలంబ్రాల ముళ్ళపొదలు. టేపు చివర పట్టుకోవడానికి మనిషి లేక రాయి కట్టి వదిలాడు. వాన కోసిందేమో అనుకుని పుస్తకంలో "వెనక నిలువు" అని రాసుకున్నాడు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ముక్కముక్కగా లెక్కకట్టి కూడాడు. నాలుగు వేల ఒక వంద వచ్చింది. ఎక్కడో తప్పానని మొదటినుంచి చేశాడు. మళ్ళీ నాలుగు వేల ఒక వందే.

రెండు వేల ఆరు వందల ఘనమీటర్లు లేవు. టిప్పరుకి పది వేసుకున్నా రెండు వందల అరవై టిప్పర్లు.

దేబాశిష్‌కి ఫోన్ చేశాడు. "ఇటుక బట్టీల వాళ్ళు ఎత్తుకుపోయి ఉంటారు" అన్నాడతను.

"ఉన్నది ఒక్క రోడ్డు సార్. గేటు దగ్గర మన వాచ్‌మనే ఉన్నాడు. రెండు వందల అరవై టిప్పర్లు వాడి కళ్ళు కప్పి పోతాయా?"

"అయితే మీ కొలతే తప్పేమో. కుప్పలు నమ్మకూడదని మీరే అంటారు కదా."

అప్పలనరసింహం ఫోన్ పెట్టేశాడు. అది తన మాటే.

సూర్యావతి లోపలినుంచి పిలిచింది. "కూటికి లెగు. కూర సల్లారిపోతాది."

పళ్ళెంలో చేపల పులుసు. బొటనవేలంత పరిగెలు, రెండు పెద్ద మట్టగిడసలు. శ్రావణంలో గెడ్డలు పొర్లుతుంటే ఇలాంటి చేప దొరకదు. వేసవిలో మడుగులు ఎండినప్పుడు దొరుకుతుంది.

"ఎక్కడివి?"

"మా తట్టవీది ఆడగుంట తెచ్చి అమ్మింది. గెడ్డలో నీల్లు సీలమండ దాటడం లేదట. పాత కోకలు పరిసి పట్టేస్తన్నారట. మా తమ్ముడు రెండు బుట్టలు పట్టేడట."

"ఎన్నాళ్ళనుంచట?"

"నాలుగైదు రోజులని సెప్పింది."

"అంటే ఆ పక్క వాన తగ్గిందా?"

"ఏటి తగ్గడం? నిన్న నీ గొడుగు ఇరిగింది ఎక్కడ మరి?"

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. లోయ వైపు గోడ కళ్ళముందు నిలబడింది. కొండ మీద నాలుగు రోజులు ముసురు పట్టింది. కిందికి నీళ్ళు రావడం లేదు. మట్టి పైన లేదు. రోడ్డు మీద పోలేదు.

"ఏటయ్యా, ముల్లు గుచ్చుకుందేటి?" అంది సూర్యావతి.

"నీ చుట్టాలు గెడ్డ ఒడ్డునేనా ఇంకా ఉన్నది?"

"ఇంకెక్కడుంటారు? ఆలకి మేడలు కట్టేవేటి నువ్వు?"

దేబాశిష్‌కి మళ్ళీ ఫోన్ చేశాడు. మట్టి లోయలోకి జారి గెడ్డకి అడ్డం పడి ఉంటుందని, వెనక నీళ్ళు చేరుతూ ఉంటాయని చెప్పాడు.

"మీరు కళ్ళతో చూశారా?"

"లేదు సార్. లెక్క."

"కుప్ప మన ఎస్టిమేటులో ఐటెం కాదు నరసింహంగారూ. దాని మీద నేనేం రాయాలి? అయినా సోమవారం పైవాళ్ళకి చెబుతాను. రాసి ఇవ్వండి."

ఆ రోజు గురువారం.

*

శుక్రవారం పొద్దున్నే మోపెడ్ మీద తట్టవీధికి వెళ్ళాడు. సూర్యావతి వస్తానంది. వద్దన్నాడు.

వీధి మొదట్లోనే తవిటమ్మ ఇల్లు. సూర్యావతికి అక్క, అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళు తట్ట మోసిన మెడ ఇంకా నిటారుగా ఉంది. వాకిట్లో రేకు మీద చేపలు ఎండబెడుతోంది. నోట్లో చుట్ట అడ్డపొగ వేసుకుని ఉంది, నిప్పు లోపలికి. ఆయన్ని చూసి ఒక చేపని తిరగేసింది.

లక్ష్మణ పక్కింటి అరుగు మీద వల అల్లుకుంటున్నాడు. ముందు వాడే నోరు తెరిచాడు.

"ఓలప్పా, సర్కారోరు వచ్చేరు. టేపు తెచ్చేవా బావ? మా వాకిట్లో గొయ్యి లేదు. ఏటి కోస్తావు?"

"గెడ్డ సంగతి చెప్పడానికొచ్చాను, లచ్చుమా."

"గెడ్డ బాగుంది. అందులో సేపలకి సాచ్చి దిమ్మలు లేవు."

అరుగుల మీద నవ్వులు లేచాయి. అప్పలనరసింహం నవ్వు ఆగేదాకా ఉండి, లెక్క మొత్తం చెప్పాడు. చెక్కినది ఎంత, ఉబ్బాల్సింది ఎంత, ఉన్నది ఎంత, లేనిది ఎంత. తట్టల్లో చెప్పాడు, ఎందుకంటే వాళ్ళకి ఘనమీటర్లు పట్టవు. ఒక్కో ఘనమీటరుకి నలభై తట్టలు. లక్ష తట్టల పైమాట. చెబుతున్నంతసేపూ లక్ష్మణ వల మీంచి కళ్ళెత్తలేదు.

"మా మట్టి నీ కొలతలో ఎప్పుడేనా ఎక్కువొచ్చిందా బావ?" అన్నాడు చివరికి. "నువ్వు టేపు పెడితే తగ్గిపోద్ది. అక్కడా తగ్గిపోనాది. అందులో వింతేటి?"

"లక్ష తట్టలురా."

"నాలుగు దిమ్మల్లో లేని తప్పు నీకు కనపడ్డాది. ఇప్పుడు లేని మట్టి కనపడతంది."

తవిటమ్మ నోట్లోంచి చుట్ట తీసి, చల్లారిన కొసని గోటితో దులిపింది. "గెడ్డలో నీల్లు లేవురా లచ్చన్నా" అంది. "సావనంలో సేపలు సేత్తో పడతన్నాం. నాకు నాలుగు రోజులనుంచీ బాగోలేదు. ఎవులికీ సెప్పలేదు." లేచి కొంగు నడుముకి దోపుకుంది. "నడు బావూ. సూసొద్దాం."

ఇద్దరూ గెడ్డలోనే పైకి నడిచారు. నీళ్ళు నిజంగానే చీలమండ లోతు. రాళ్ళ మీద నాచు ఎండి తెల్లగా పొరలు లేస్తోంది. ఆవిడ ముందు, ఆయన వెనక. ఒక క్రోసు దూరం నడిచారు.

లోయ ఇరుకైన చోట, రెండు బండల మధ్య అది కనిపించింది. ఎర్రమట్టి. తాడిచెట్టంత ఎత్తు. దాని మీద తలంబ్రాల పొదలు వేళ్ళతో సహా దిగి వచ్చి, వంకరగా నిలబడి, ఇంకా పూస్తున్నాయి. అందుకే పైనుంచి చూస్తే పచ్చగానే కనిపిస్తుంది. రోడ్డు మీంచి ఎవరికీ తెలియదు.

పక్క బండ మీంచి పాకి ఎక్కారు. వెనక చెరువు. గాలికి కూడా కదలని ఎర్ర చెరువు, లోయ మలుపు తిరిగి కనబడనంత దూరం. నీళ్ళ మధ్య జీలుగు చెట్ల మొవ్వులు మాత్రం పైకి ఉన్నాయి. నీటి మట్టానికీ మట్టి నెత్తికీ మధ్య మనిషెత్తు మిగిలి ఉంది.

తవిటమ్మ ఒక పుల్ల విరిచి, వేలి మందం పైకి ఉండేలా నీటి అంచున గుచ్చింది. బండ మీద కూర్చుని కొత్త చుట్ట వెలిగించింది. ఆయన నిలబడే ఉన్నాడు. మనసులో లెక్క మొదలైంది. పొడవు ఆరేడు వందల అడుగులు, వెడల్పు నూరు, లోతు సగటున... అంకె తేలగానే ఆపేశాడు. ఆ అంకె ఆవిడకి చెప్పలేదు.

చుట్ట సగానికి వచ్చేసరికి పుల్ల మునిగింది.

"సగం సుట్టకి ఏలి మందం ఎక్కింది" అంది తవిటమ్మ. లేచి మట్టి మీద కాలు మోపింది. పిక్క దాకా దిగబడింది. కాలు లాక్కుని, బండకి రాసి తుడుచుకుంది. "ఇది గట్టు కాదు బావూ, కుప్ప. దీని మీద ఎవులూ దిమ్మిస కొట్టలేదు. కాలవ ఒగ్గలేదు. నీల్లు నెత్తెక్కితే ఒక్క గడియ ఆగదు."

"అవును."

"కింద ఊట సూసేను. తేటగా వస్తంది. ఎర్రగా రావడం మొదలెడితే లోపల కోసుకుంటన్నట్టు లెక్క."

"అవును వదినా."

ఆవిడ నీళ్ళ వైపు తిరిగింది. తర్వాత ఆయన వైపు చూడకుండా అడిగింది. "ఆ యేడు ఆరు దిమ్మల్లో రెండే కదా తప్పు?"

"రెండే."

"నీకు తెలుసా?"

"తెలుసు. ఆరూ లాగి చూశాను."

"తెలిసే కోసేవు."

రూలు అనే మాట నోటిదాకా వచ్చింది గాని, ఆ నీళ్ళ ముందు దాన్ని పలకలేకపోయాడు.

"సరే నడు" అంది తవిటమ్మ. "ముసిలోళ్ళని ముందు ఎక్కించాలి."

*

వీధికి ఎదురుగా, గెడ్డ మీది చప్టా దాటి మిట్ట ఎక్కితే స్కూలు. ఒడియా మాస్టారు తాళం తీసి ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రానికి పంతొమ్మిది ఇళ్ళవాళ్ళు ఎక్కారు. అది అప్పలనరసింహం మాట మీద కాదు, తవిటమ్మ పిక్కకి అంటిన ఎర్రమట్టి చూసి. మిగతా పదిహేను ఇళ్ళూ కదల్లేదు. అందులో లక్ష్మణది ఒకటి.

శనివారం ఎండ కాసింది. అదే చేటయింది. స్కూలు వరండాలో పడుకుని నడుములు పట్టేసినవాళ్ళు ఎండ చూడగానే కిందికి దిగిపోయారు. కోళ్ళకి గింజలు వేయాలని ఒకరు, పొయ్యి అలకాలని ఒకరు. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కలేదు. మధ్యాహ్నానికి వరండాలో ఏడు కుటుంబాలు మిగిలాయి. గెడ్డలో ఆడవాళ్ళు చేపలు పడుతున్నారు.

దేబాశిష్ వచ్చాడు. సోమవారం దాకా ఆగకుండా వచ్చినందుకు అప్పలనరసింహం మనసులో సంతోషించాడు. పై రోడ్డు నుంచి చూసి ఫోటోలు తీసుకున్నాడు. ఫోటోల్లో పచ్చటి పొదలు పడ్డాయి. కింద బండ దాకా తీసుకెళ్తే అతని మొహం పాలిపోయింది.

"మిషను దించుదామంటే దారి లేదు" అన్నాడు. "దారి వేయడానికే వారం పడుతుంది. ఇది ఎప్పుడు తెగుతుందో చెప్పగలరా?"

"నిండాక తెగొచ్చు. నిండకుండా తెగొచ్చు. మట్టి ఎంతో చెప్పగలను సార్. ఎప్పుడో చెప్పలేను."

వీధిలోకి వచ్చి దేబాశిష్ అందరినీ ఖాళీ చేయమన్నాడు. ఒడియాలో చెప్పాడు, హిందీలో చెప్పాడు. లక్ష్మణ చేతులు కట్టుకుని విన్నాడు.

"ఎన్నాళ్ళు బాబూ?"

"తెలియదు."

"బావ, నీకు తెలుసా?"

"తెలియదురా."

"ఇద్దరు కొలతలోళ్ళు వచ్చేరు" అన్నాడు లక్ష్మణ వీధి వైపు తిరిగి. "ఒకలికీ కొలత తెలదు."

ఈసారి నవ్వు అంత గట్టిగా రాలేదు. అయినా ఎవరూ మూట కట్టలేదు. దేబాశిష్ తహసీల్దారుకి ఫోన్ కలుపుతూ చప్టా దాటి వెళ్ళిపోయాడు. పోలీసులని రేపు పంపిస్తామన్నారని తర్వాత కబురు చేశాడు.

తవిటమ్మ ఇదంతా స్కూలు మెట్ల మీంచి చూసింది. మెట్లు దిగి వచ్చి, తన ఇంటి ముందు నిలబడి, పెద్ద కొడుకుని పిలిచింది.

"రేకులు ఇప్పీరా."

"ఏటమ్మా?"

"ఇంటి రేకులు. ఒక్కటి ఉంచకండా ఇప్పీ. బడికాడికి మొయ్యి."

"వానొస్తే ఇల్లు ఏటయిపోద్ది?"

"ఏటవ్వాలో అదవుద్ది. కప్పుంటే కదా దిగి వస్తారు. కప్పు నేకపోతే ఏటికొస్తారు?"

కొడుకులిద్దరూ పైకెక్కారు. మేకులు ఊడిన శబ్దం వీధంతా వినిపించింది. పదహారు రేకులు, ఎనిమిదేళ్ళు కూలి చేసి ఒక్కొక్కటే కొన్నవి. వాకిట్లో వరసగా పేర్చారు. ఇంట్లోకి ఎండ పడి, గోడ మీద అద్దం, మూలనున్న కుండలు, దేవుడి పటం అన్నీ బయటకి కనిపించాయి. తవిటమ్మ పటం తీసి చంకలో పెట్టుకుంది. మొదటి రేకు తానే నెత్తిన పెట్టుకుని మిట్ట ఎక్కింది.

ఎదురింటి ముసలాడు కాసేపు ఆ తెరిచిన ఇంటివైపు చూసి, తన కొడుకుని నిచ్చెన తెమ్మన్నాడు. సాయంత్రానికి తొమ్మిది ఇళ్ళకి కప్పు లేదు. రాత్రి చినుకులు మొదలయ్యాయి. ఆదివారం తెల్లారేసరికి ఇరవై ఆరు ఇళ్ళు బోడిగా తడుస్తున్నాయి. రేకులు స్కూలు గోడకి ఆనించి, ఇంటింటికీ సున్నంతో గుర్తు పెట్టారు.

*

ఆదివారం పొద్దుట అప్పలనరసింహం చప్టా మీద నిలబడి ఉన్నాడు. పోలీసులు ఇంకా రాలేదు. గెడ్డలో నీళ్ళు ఇంకా తగ్గాయి. రాళ్ళ మధ్య చిన్న చేపలు పక్కకి ఒరిగి కొట్టుకుంటున్నాయి. కాకులు దిగాయి. వాటిని తోలేవాళ్ళు లేరు.

పదిన్నరకి ఆ సన్నటి ధార రంగు మారింది. మొదట టీ నీళ్ళలా, చూస్తుండగానే ఇటుక పొడి కలిపినట్టు. ఆయన వంగి దోసిట్లోకి తీసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారాక, అరచేతిలో సన్నటి మట్టి గీత మిగిలింది.

వీధిలోకి పరుగెత్తలేదు. మోకాళ్ళు ఒప్పుకోవు. నడుస్తూనే ఇంటింటి తలుపూ తట్టాడు. మిగిలిన ఎనిమిది ఇళ్ళలో ఏడింటివాళ్ళు ఆయన చెయ్యి చూసి, ఏమీ అడక్కుండా పిల్లల్ని ఎత్తుకున్నారు. చివరి ఇల్లు లక్ష్మణది. భార్యని, పిల్లల్ని పొద్దున్నే అక్క దగ్గరికి పంపేశాడు. తను మాత్రం వానలో కప్పు మీద కూర్చుని మేకులు లాగుతున్నాడు. పన్నెండు రేకులు కింద ఉన్నాయి.

"ఎర్రగా వస్తోంది, లచ్చుమా. దిగు."

"సూసేను. రెండే ఉన్నాయి. ఈ కొస పట్టు బావ."

"ఒగ్గీరా."

"నిన్నటిదాకా నమ్మలేదు, ఇయ్యాల నమ్మి ఇప్పుతుంటే ఒగ్గీమంటావు. పట్టు."

అప్పలనరసింహం లోయ వైపు చూశాడు. క్రోసు దూరం. పల్లం. ఎంతసేపు పడుతుందో లెక్క కట్టబోయి మానేశాడు. రేకు కొస పట్టుకుని కిందికి లాగాడు. లక్ష్మణ రెండో రేకు దగ్గరికి జరుగుతుంటే, చెయ్యి చాపి వాడి కాలి మడమ పట్టుకున్నాడు.

"ఆరు దిమ్మల్లో రెండే తప్పురా. నాకు తెలుసు."

లక్ష్మణ చేతిలో సుత్తి ఆగింది. వాన మొహం మీంచి కారుతోంది. బావ మొహంలోకి చూశాడు, ఆ మాట ఇప్పుడెందుకన్నట్టు. తర్వాత సుత్తి కప్పు మీదే వదిలేసి జారి దిగాడు.

రేకు ఒక్కటీ ఇద్దరి నెత్తిన పెట్టుకుని చప్టా దాటారు. ముందు లక్ష్మణ, వెనక అప్పలనరసింహం. మిట్ట మొదలయ్యే చోట రోడ్డు జారుతోంది. పైన స్కూలు ప్రహరీ పొడుగునా జనం వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ కేకలు వేయడం లేదు. అందరూ వాళ్ళ వెనకవైపు, పైకి, లోయలోకి చూస్తున్నారు.

అప్పుడు వినపడింది.

టిప్పరు తొట్టె లేచి మట్టి జారితే ఒక చప్పుడు వస్తుంది. మొదలైన దగ్గర్నుంచి పన్నెండు లెక్కపెట్టేసరికి ఆగిపోతుంది. పది ఘనమీటర్లు నేల మీద పడ్డాయని అర్థం. చూడకుండా, వెనక్కి తిరిగి నిలబడే ఆయన ఎన్నో టిప్పర్లు అలా లెక్కపెట్టాడు. ఇదీ అదే చప్పుడు, పైన లోయలోంచి. రేకు కింద ఆయన పెదాలు కదిలాయి. పన్నెండు దాటింది. ఇరవై దాటింది.

"ఏటి లెక్కెడుతున్నావు బావ?"

"నడు."

నలభై దగ్గర కాళ్ళ కింద రోడ్డు అదరడం తెలిసింది. అరవై అన్నాడు. డెబ్భై. ఇంకా ఆగలేదు.